టెలిఫోన్ తీగ మీద ముఖం: జాన్ లోగీ బెయిర్డ్ జీవితం



ఆదివారం సాయంత్రం. హాలహర్విలో మీ ఇంట్లో టీవీ ముందు అందరూ కూర్చున్నారు. తెర మీద సీరియల్ లేదు, క్రికెట్ లేదు. మీ ఫోన్‌ను టీవీకి కలిపారు. ఆదోనిలోనో, కర్నూలులోనో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మీ బిడ్డ ముఖం తెర నిండా కనిపిస్తోంది. చిన్న ఫోన్ మీద చూపు ఆనని అవ్వ ఇప్పుడు మంచం మీద నుంచే మనవడిని పోల్చుకుని, పిల్లవాడు చిక్కిపోయాడని బాధపడుతోంది.

ఇది మనకిప్పుడు మామూలైపోయింది. పాతికేళ్ల కిందటి సంగతి ఒకసారి గుర్తు చేసుకోండి. ఎస్టీడీ బూత్ ముందు వరుసలో నిలబడి, మీటరు మీద తిరిగే అంకెలు చూసుకుంటూ నాలుగు ముక్కలు మాట్లాడి పెట్టేసేవాళ్లం. మిరపకాయల కోతకు గుంటూరు వైపు, కూలి పనులకు బెంగళూరు వైపు వలస వెళ్లినవాళ్ల క్షేమం ఆ నాలుగు ముక్కల్లోనే తెలుసుకోవాలి. బాగున్నానని గొంతు చెబుతుంది. నిజంగా బాగున్నారో లేదో ముఖం చూస్తేగాని తెలియదు.

ఆ ముఖాన్ని టెలిఫోన్ తీగలో వందల కిలోమీటర్లు పంపి చూపించిన మనిషి కథ ఈ నెల మీకు చెబుతున్నాం. ఆయన పేరు జాన్ లోగీ బెయిర్డ్. టెలివిజన్‌ను ఆయన ఒక్కడే కనిపెట్టాడని అనలేం. అమెరికాలో చార్లెస్ జెంకిన్స్, ఫైలో ఫార్న్స్‌వర్త్ కూడా అదే రోజుల్లో వేర్వేరు దారుల్లో శ్రమించారు. అయితే కదిలే మనిషి ముఖాన్ని వెలుగునీడలతో సహా నలుగురి ముందు తెర మీద చూపించడంలో బెయిర్డ్‌దే ముందడుగు.

పడకగదిలో టెలిఫోన్ ఎక్స్ఛేంజ్

బెయిర్డ్ 1888 ఆగస్టు 13న స్కాట్లాండ్‌లోని హెలెన్స్‌బరో అనే సముద్రతీర పట్టణంలో పుట్టాడు. తండ్రి చర్చి పాస్టరు. నలుగురు పిల్లల్లో ఇతనే చిన్నవాడు. రెండేళ్ల వయసులో పెద్ద జబ్బు చేసింది. అప్పటి నుంచి ఒంట్లో సత్తువ తక్కువ. చలి పడదు. జలుబు పట్టిందంటే వారాల తరబడి మంచం దిగే పని ఉండదు. బడిలో ఆటలకే పెద్దపీట కాబట్టి అక్కడ అతను మెరిసిందీ లేదు.

కానీ ఇంట్లో ఆ పిల్లవాడు ఊరుకునేవాడు కాదు. తన పడకగదిలో సొంతంగా ఒక చిన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ పెట్టాడు. అక్కడి నుంచి వీధికి అడ్డంగా తీగలు లాగి, స్నేహితుల ఇళ్లకు కలిపాడు. రోడ్డు దాటకుండానే పిల్లలందరూ మాట్లాడుకునేవాళ్లు. ఒక రాత్రి గాలివానకు తీగ ఒకటి కిందికి వేలాడింది. అటుగా వస్తున్న గుర్రబ్బండి తోలేవాడికి అది తగిలి, అతను సీటు మీద నుంచి కింద పడ్డాడు. అంతటితో ఆ ఎక్స్ఛేంజ్ మూతపడింది.

ఇలాంటి పని మన ఇంట్లో జరిగితే ఏం చేస్తాం? తీగలన్నీ చుట్టి అటక మీద పడేసి, పుస్తకం ముందు కూర్చోబెడతాం. బెయిర్డ్ ఇంట్లో అలా జరిగినట్టు లేదు. ఎందుకంటే ఆ తర్వాత అతను ఒక చిన్న ఇంజిన్, డైనమో, బ్యాటరీలు సమకూర్చుకుని ఇంటికి కరెంటు దీపాలు పెట్టాడు. ఆ ఊళ్లో చాలా ఇళ్లలో అప్పటికింకా కరెంటు లేదు. పెద్దవాళ్లు ఒప్పుకోకుండా ఇంటి గోడల మీద తీగలు పాకవు కదా!

మేజోళ్లు, జామ్, సబ్బు

గ్లాస్గోలోని సాంకేతిక కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివాడు. జబ్బుల వల్ల ఆ చదువు ఏళ్ల తరబడి సాగింది. తర్వాత గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చేరాడు కానీ, 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చి ఆ డిగ్రీ మధ్యలోనే ఆగిపోయింది. సైన్యంలో చేరబోతే ఆరోగ్యం బాగాలేదని తిప్పి పంపేశారు.

ఒక విద్యుత్ కంపెనీలో ఉద్యోగం దొరికింది. అక్కడ కూడా బుద్ధిగా కూర్చోలేదు. బొగ్గు కడ్డీలోకి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు పంపితే వజ్రం తయారవుతుందేమో చూద్దామనుకున్నాడు. వజ్రం రాలేదు, ఆ ప్రాంతానికి కరెంటు మాత్రం పోయింది. పై అధికారులకు కోపం వచ్చిందని వేరే చెప్పనక్కరలేదు.

ఎప్పుడూ చల్లబడిపోయే తన పాదాల కోసం తేమ పట్టని మేజోళ్లు తయారుచేసి అమ్మాడు. వాటి మీద మంచి డబ్బే వచ్చింది. జబ్బు చేసి ఆ వ్యాపారం వదులుకోవలసి వచ్చింది. వెచ్చని దేశంలో ఉంటే ఒళ్లు కుదుటపడుతుందని 1919లో వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్‌కు ఓడ ఎక్కాడు. అక్కడ పండ్లతో జామ్ ఉడికించబోతే పురుగులు గుంపులుగా వచ్చి పాత్రలో పడ్డాయి. పైగా మలేరియా పట్టుకుంది. తిరిగి వచ్చి లండన్‌లో సబ్బుల వ్యాపారం చేశాడు. మళ్లీ జబ్బు చేసి అదీ పోయింది.

ఇలా 34 ఏళ్లు నిండేసరికి ఆయన చేతిలో ఉద్యోగం లేదు, వ్యాపారం లేదు, ఆరోగ్యం లేదు. ఆ వయసు కొడుకు ఇంటికి వచ్చి, దూరాన ఉన్న మనిషిని గదిలో కూర్చుని చూసే యంత్రం చేస్తానంటే మనమేమంటామో మనసులో అనుకోండి.

టోపీ పెట్టె, దబ్బనాలు, లక్క

1923లో ఒళ్లు బాగుచేసుకుందామని ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని హేస్టింగ్స్ చేరాడు. అక్కడే టెలివిజన్ పని మొదలుపెట్టాడు. సహాయం చేసేవాళ్లు కావాలని ఆ జూన్‌లో టైమ్స్ పత్రికలో చిన్న ప్రకటన ఇచ్చాడు. సామాను కొనడానికి డబ్బు లేదు. టోపీలు పెట్టుకునే అట్టపెట్టె, టీపొడి వచ్చిన చెక్కపెట్టె, దబ్బనాలు, కత్తెర, సైకిల్ దీపాల అద్దాలు, అతికించడానికి లక్క, జిగురు. మొదటి యంత్రం వీటితోనే తయారైంది.

అదెలా పనిచేసేదో మన ప్రాంతపు మాటల్లో చెప్పుకుందాం. ఎమ్మిగనూరులో నేతగాడి మగ్గం మీద చీర ఒక్కసారిగా ఊడిపడదు. ఒక్కొక్క పోగు పక్కన ఇంకొక పోగు చేరి గుడ్డ అవుతుంది. టెలివిజన్ బొమ్మ కూడా అంతే. ఎదుటి ముఖాన్ని మొత్తంగా పంపలేం. గీతలు గీతలుగా విడదీసి, ఒకదాని వెంట ఒకటి పంపాలి. దీనికోసం చుట్టలు తిరిగే వరుసలో రంధ్రాలున్న పళ్లెం లాంటి చక్రాన్ని జర్మనీకి చెందిన పాల్ నిప్కో 1884లోనే ఊహించాడు. చక్రం తిరుగుతుంటే ఒక్కొక్క రంధ్రం ముఖం మీద ఒక్కొక్క గీత వెంట సాగుతుంది. ఆ గీతలోని వెలుగు ఎక్కువైతే కరెంటు ఎక్కువ, తక్కువైతే తక్కువ. ఆ కరెంటు అవతలి కొసకు చేరాక, అక్కడ సరిగ్గా అదే వేగంతో తిరిగే ఇంకో చక్రం, దాని వెనుక వెలిగి మలిగే దీపం కలిసి గీతలను మళ్లీ ముఖంగా నేస్తాయి. నిప్కో కాలంలో కరెంటును పెద్దది చేసే సాధనాలు లేక అది కాగితం మీదే ఉండిపోయింది. రేడియో వాల్వులు వచ్చాక బెయిర్డ్ దాన్ని చేతికి తీసుకున్నాడు.

1924 మొదట్లో ఒక శిలువ గుర్తు నీడను గదిలోనే ఒక కొస నుంచి ఇంకో కొసకు పంపగలిగాడు. ఆ వేసవిలో వెయ్యి వోల్టుల షాక్ తగిలి విసురుగా కింద పడ్డాడు. చేయి కాలింది కానీ ప్రాణం దక్కింది. ఇంటి యజమాని భయపడి ఖాళీ చేయమన్నాడు. సామాను సర్దుకుని లండన్‌లోని ఫ్రిత్ స్ట్రీట్‌లో ఒక ఇంటి పైగదికి మారాడు.

ఆఫీసు కుర్రాడి ముఖం

లండన్‌లో పూట గడవడమే కష్టమైంది. సెల్‌ఫ్రిడ్జ్ అనే పెద్ద దుకాణంలో 1925లో మూడు వారాల పాటు యంత్రాన్ని ప్రదర్శించి కాస్త డబ్బు సంపాదించాడు. జనం చూసింది మసక నీడలే. ముఖంలో కళ్లు, ముక్కు, నోరు ఇంకా రాలేదు.

మనిషిని కూర్చోబెట్టి ప్రయోగం చేయాలంటే, ఆ దీపాల వేడికి ఎవరూ నిలవలేరు. అందుకని మాట్లాడే బొమ్మలాటలో వాడే ఒక బొమ్మ తలను తెచ్చి పెట్టుకున్నాడు. దానికి స్టూకీ బిల్ అని పేరు. 1925 అక్టోబరు 2న ఆ బొమ్మ ముఖం వెలుగునీడలతో స్పష్టంగా తెర మీదికి వచ్చింది. బెయిర్డ్ ఆపుకోలేక కింది అంతస్తులోని ఆఫీసుకు పరుగెత్తి, అక్కడ పనిచేసే విలియం టేంటన్ అనే 20 ఏళ్ల కుర్రాడిని పైకి తీసుకొచ్చాడు. కూర్చోబెట్టి అవతలి గదికి వెళ్లి చూస్తే తెర ఖాళీ! వేడికి తాళలేక కుర్రాడు వెనక్కి జరిగాడు. బెయిర్డ్ అతని చేతిలో అర క్రౌన్ నాణెం పెట్టి, కాసేపు ఓర్చుకోమన్నాడు. ఈసారి ముఖం వచ్చింది. టెలివిజన్‌లో కనిపించిన తొలి మనుషుల్లో ఇలా ఒక మామూలు ఆఫీసు కుర్రాడు చేరిపోయాడు.

1926 జనవరి 26న సుమారు 40 మంది శాస్త్రవేత్తలు ఆ ఇరుకు మెట్లెక్కి వచ్చి, కొద్దికొద్దిమందిగా గదిలోకి వెళ్లి తమ కళ్లతో చూశారు. బొమ్మ చిన్నది, మసక, వణుకు ఉంది. అయినా అది కదిలే మనిషి ముఖమే.

తీగ వెంట 700 కిలోమీటర్లు

1927 ఏప్రిల్ 7న అమెరికాలో ఏటీ అండ్ టీ టెలిఫోన్ కంపెనీ ఒక ప్రదర్శన పెట్టింది. వాషింగ్టన్‌లో ఉన్న మంత్రి హెర్బర్ట్ హూవర్ ముఖం, గొంతు రెండూ న్యూయార్క్‌కు చేరాయి. వెనుక పెద్ద కంపెనీ, లెక్కలేనంత మంది ఇంజినీర్లు. మరుసటి నెలలోనే బెయిర్డ్ జవాబిచ్చాడు. లండన్ నుంచి గ్లాస్గోకు 438 మైళ్లు, అంటే సుమారు 700 కిలోమీటర్లు, మామూలు టెలిఫోన్ లైను మీద బొమ్మను పంపాడు. ఇంచుమించు కర్నూలు నుంచి విశాఖపట్నం వెళ్లేంత దూరం. చిన్నప్పుడు వీధికి అడ్డంగా తీగ లాగిన పిల్లవాడే ఇప్పుడు దేశం పొడవునా తీగ మీద ముఖాన్ని నడిపించాడు.

మామూలు టెలిఫోన్ తీగ బొమ్మను ఎలా మోసిందని మీకు సందేహం రావచ్చు. ఆ బొమ్మలో ఉన్నది 30 గీతలే. ఈ రోజు మీ ఇంటి టీవీలో 1080 గీతలు, అంతకన్నా ఎక్కువే ఉంటున్నాయి. గొంతు పట్టే సన్నని దారిలో అంత సన్నని బొమ్మే పట్టింది.

1928 ఫిబ్రవరిలో లండన్ నుంచి అట్లాంటిక్ సముద్రం దాటించి న్యూయార్క్ దగ్గరి హార్ట్స్‌డేల్‌కు రేడియో ద్వారా బొమ్మ పంపాడు. కొద్ది రోజులకే నడిసముద్రంలో ఉన్న బెరెంగారియా ఓడకూ పంపాడు. ఆ ఓడలోని వైర్‌లెస్ ఉద్యోగి లండన్‌లో కెమెరా ముందు కూర్చున్న అమ్మాయిని చూసి, ఆమె తాను పెళ్లాడబోయే పిల్లేనని గుర్తుపట్టాడు. 30 గీతల మసక బొమ్మ చాలింది. మనకు కావలసిన వాళ్ల ముఖమైతే ఎంత మసకలోనైనా కన్ను పోల్చుకుంటుంది.

1929 సెప్టెంబరు 30న బీబీసీ ద్వారా బెయిర్డ్ ప్రసారాలు మొదలయ్యాయి. ఒకే ట్రాన్స్‌మిటర్ దొరకడంతో ముఖం, గొంతు కలిసి వచ్చేవి కావు. మనిషి కాసేపు గొంతు లేకుండా కనిపించేవాడు, తర్వాత ముఖం లేకుండా వినిపించేవాడు. రెండూ కలిసి రావడానికి 1930 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది. మాట కూడా రావాలి, మనిషి కూడా కనపడాలి అన్న కోరిక ఎంత పెద్దదో ఆ ఆరు నెలలు చూసినవాళ్లకు తెలిసి ఉంటుంది.

ఓడిపోయిన చక్రం

ఇక్కడిదాకా విజయగాథ. తర్వాతిది కూడా మీకు చెప్పాలి.

చక్రం ఎంత వేగంగా తిప్పినా దానికి ఒక హద్దు ఉంటుంది. ఎలక్ట్రాన్ల పుంజంతో బొమ్మ గీసే గాజు ట్యూబుకు ఆ హద్దు లేదు. 1936 నవంబరులో బీబీసీ లండన్‌లో రెండు పద్ధతులనూ వారం విడిచి వారం నడిపి చూసింది. బెయిర్డ్ కంపెనీది 240 గీతలు, మార్కోనీ-ఈఎంఐ వాళ్లది 405 గీతలు. బెయిర్డ్ పద్ధతిలో ఒక కెమెరాను నేలకు బిగించి, ఫిల్ము తీసి, దాన్ని అప్పటికప్పుడే కడిగి, ఆ తర్వాత పంపేవాళ్లు. ఎదుటివాళ్లు కెమెరాను స్టూడియో అంతా తిప్పుతున్నారు. అదే నెల 30న క్రిస్టల్ ప్యాలెస్ కాలిపోయింది. బెయిర్డ్ కంపెనీ ప్రయోగశాలలు అక్కడే ఉన్నాయి, చాలావరకు బూడిదయ్యాయి. 1937 మొదట్లో బీబీసీ ఆయన పద్ధతిని పక్కన పెట్టింది.

ఎలక్ట్రానిక్ దారి గెలుస్తుందని ముందే పసిగట్టి ఇంకాస్త త్వరగా మారి ఉండాల్సింది. ఎంత తెలివైనవాడికైనా తాను చేతులారా చేసినదాన్ని వదలడం కష్టం. కానీ ఓడిపోయాక ఆయన కూర్చుండిపోలేదు. రంగుల టెలివిజన్ మీద సొంత డబ్బుతో పనిచేశాడు. 1944లో ఒకే ట్యూబులో రంగుల బొమ్మ చూపే టెలీక్రోమ్‌ను పత్రికలవాళ్లకు ప్రదర్శించాడు. అందులో తిరిగే చక్రం లేదు, అది పూర్తిగా ఎలక్ట్రానిక్.

పిల్లలకు దూరంగా

1931లో ఆయన న్యూయార్క్‌లో మార్గరెట్ ఆల్బు అనే పియానో కళాకారిణిని పెళ్లి చేసుకున్నాడు. ఒక కూతురు, ఒక కొడుకు. రెండో ప్రపంచయుద్ధం వచ్చి లండన్ మీద బాంబులు పడుతున్న కాలంలో భార్యాపిల్లలు దూరాన కార్న్‌వాల్‌లోని బ్యూడ్ అనే ఊళ్లో ఉన్నారు. బెయిర్డ్ ప్రయోగాల కోసం లండన్‌లోనే ఉండిపోయి, వీలు దొరికినప్పుడు రైలెక్కి వెళ్లి చూసి వచ్చేవాడు.

ఇది చదువుతుంటే మనసు కలుక్కుమంటుంది. సముద్రాలకు అవతలికి ముఖాన్ని పంపిన మనిషికి, సొంత పిల్లల ముఖాలు చూసుకోవడానికి రైలు తప్ప దారి లేదు. యుద్ధం మొదలవగానే 1939 సెప్టెంబరు 1న బీబీసీ టెలివిజన్‌ను ఆపేసింది. 1946 జూన్ 7న మళ్లీ మొదలుపెట్టింది. సరిగ్గా వారానికి, జూన్ 14న, బెక్స్‌హిల్‌లో బెయిర్డ్ కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు 57 ఏళ్లు. సొంతూరు హెలెన్స్‌బరోలోనే సమాధి చేశారు.

మన ఇంటి దాకా

ముఖం చూస్తూ మాట్లాడుకునే ఫోన్ మన ఇంటికి రావడానికి ఆ తర్వాత కూడా చాలా కాలం పట్టింది. 1936లో జర్మనీ తపాలా శాఖ బెర్లిన్, లైప్‌జిగ్ నగరాల మధ్య ఇలాంటి ఫోన్ నడిపింది. ఇద్దరూ చెరో బూత్‌కు వెళ్లి కూర్చోవాలి. 1970లో ఏటీ అండ్ టీ పిట్స్‌బర్గ్ నగరంలో పిక్చర్‌ఫోన్ అమ్మకానికి పెట్టింది. ధర చూసి జనం దగ్గరికి రాలేదు. గొంతుతో పోలిస్తే బొమ్మకు ఎన్నో రెట్లు వెడల్పైన దారి కావాలి, ఆ దారికి అంత ఖర్చు.

మన దగ్గర 1975-76లో ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2400 పల్లెలకు టీవీ ప్రసారాలు వచ్చాయి. ఊరంతటికీ ఒకే టీవీ. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమైంది. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ తీగ లాగి, ఒకే కనెక్షన్‌లో టీవీ, ఇంటర్నెట్, టెలిఫోన్ ఇవ్వడం దాని ఉద్దేశం. వెంట్రుకంత సన్నని ఆ గాజు పోగులో గొంతుకూ ముఖానికీ కలిపి దారి దొరికింది.

ఈ ఆదివారం మీ ఇంట్లో

బిడ్డతో ఈసారి టీవీ మీద మాట్లాడేటప్పుడు ఈ కింది సంగతులు గుర్తుంచుకోండి.

1. ఫోన్‌లోని కాస్ట్ లేదా స్క్రీన్ మిర్రరింగ్ ద్వారా స్మార్ట్ టీవీకి కలపవచ్చు. ఫోన్, టీవీ రెండూ ఒకే వైఫైలో ఉంటే పని తేలిక.

2. బొమ్మ టీవీలో కనిపించినా కెమెరా మీ ఫోన్‌లోనే ఉంటుంది. ఫోన్‌ను టీవీ కిందే, మీవైపు తిప్పి నిలబెట్టండి. పక్కన పెడితే మీరు ఎటో చూస్తున్నట్టు బిడ్డకు కనిపిస్తుంది.

3. దీపం మీ ముందు ఉండాలి, వెనుక కాదు. ఫోన్, టీవీ రెండింట్లోనూ శబ్దం వస్తే గొంతు మారుమోగుతుంది. ఏదో ఒకటే ఉంచండి.

4. గదిలో ఎవరెవరు ఉన్నారో బిడ్డకు ముందే చెప్పండి. చుట్టాలందరి ముందు, అంత పెద్ద తెర మీద, ఏ పిల్లవాడూ మనసులోని కష్టం చెప్పడు. అందరూ మాట్లాడాక చివరి అయిదు నిమిషాలు టీవీ నుంచి ఫోన్ విడదీసి, పక్కకు వెళ్లి మీరొక్కరే మాట్లాడండి.

ఆఖరుగా ఒక్క మనవి. మార్కులు, ర్యాంకులు మీ ఫోన్‌కు మెసేజ్‌గా ఎలాగూ వస్తాయి. వాటి కోసం ముఖం చూడనక్కరలేదు. ఫోన్ కలవగానే టెస్టు ఎలా రాశావని అడగడానికి ముందు, ఒక నిమిషం ఆ ముఖాన్ని చూడండి. కళ్ల కింద నలుపు ఉందా, నవ్వు ఎప్పటిలాగే ఉందా, చూపు తప్పిస్తున్నాడా అన్నది గమనించండి. తేడా కనిపిస్తే ఆ మాటే ముందు అడగండి, మరుసటి రోజు వార్డెన్‌తోనో, క్లాస్ టీచర్‌తోనో మాట్లాడండి. ఒక మనిషి తన ఆరోగ్యాన్నీ, డబ్బునూ, సగం జీవితాన్నీ పెట్టి తీగ మీదికి ఎక్కించింది ఆ ముఖాన్నే.

వచ్చే నెల మరో జీవితంతో మళ్లీ కలుద్దాం.